భారత్, బ్రెజిల్: బయట దాచిన డాలర్ల లెక్క

ప్రశ్న: ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టు కోసం భారత్, బ్రెజిల్ దేశాల విదేశీ రుణ ఆస్తులను 1990 నుంచి పోలుస్తున్నాను. లేన్, మిలేసి-ఫెరెట్టి తయారుచేసిన ‘ఎక్స్‌టర్నల్ వెల్త్ ఆఫ్ నేషన్స్’ డేటాబేసులో ‘డెట్ అసెట్స్’ కాలమ్ తీసుకుంటే భారత్ అంకె మరీ చిన్నగా వస్తోంది. పేపర్లో మాత్రం మనకు ఆరేడు వందల బిలియన్ డాలర్లున్నాయని రాస్తారు. నేనెక్కడ పొరబడ్డాను?
– విద్యార్థిని, అనంతపురం

జవాబు: మీరు దించుకున్న కాలమ్ సరైనదే, దానిలో మీరనుకున్నవన్నీ లేవు. అక్కడ ‘డెట్ అసెట్స్’ అంటే రెండు ముక్కలు. దేశంలో ఉండేవాళ్లు కొన్న విదేశీ బాండ్లు ఒకటి. ‘ఇతర పెట్టుబడి’ కింద వచ్చే డిపాజిట్లు, అప్పులు, ఎగుమతి బకాయిలు రెండోది. భీమవరం నుంచి అమెరికాకు అరువు మీద రొయ్యలు పంపిన వ్యాపారికి సొమ్ము ముట్టేదాకా ఆ బకాయి కూడా భారత్‌కు ఒక విదేశీ రుణ ఆస్తే. రిజర్వ్ బ్యాంకు దగ్గరుండే విదేశీ మారక నిల్వలకు వేరే కాలమ్ ఉంది, అదీ బంగారం తీసేసి. మన దేశం బయట పెట్టుకున్న అప్పు పత్రాల్లో సింహభాగం రిజర్వ్ బ్యాంకుదే కాబట్టి, ఆ కాలమ్ వదిలేస్తే మిగిలేది చిన్నగానే ఉంటుంది.

నిల్వలు రుణ ఆస్తులేనా అంటే, చాలావరకు అవును. అమెరికా ట్రెజరీ బాండు కొన్నామంటే అమెరికా ప్రభుత్వానికి అప్పిచ్చామన్నమాటే. కేంద్ర బ్యాంకులకు బ్యాంకు లాంటి, స్విట్జర్లాండ్‌లోని బీఐఎస్‌లో గానీ, మరో దేశపు కేంద్ర బ్యాంకులో గానీ వేసిన డిపాజిట్టూ అంతే. ఐఎంఎఫ్ సభ్యదేశాలకు కేటాయించే ఎస్‌డీఆర్‌లను (స్పెషల్ డ్రాయింగ్ రైట్స్), అక్కడున్న మన రిజర్వు వాటాను కూడా రుణ ఆస్తులుగానే రాస్తారు. బంగారం ఒక్కటే వీటిలో చేరదు, ఖజానాలో ఉన్న కడ్డీకి బాకీదారు లేడు గనుక. 2025 మార్చి చివరికి మన నిల్వలు సుమారు 668 బిలియన్ డాలర్లు (బిలియన్ అంటే వంద కోట్లు). అందులో దాదాపు 12 శాతం బంగారం. పత్రికలో వచ్చిన మొత్తాన్ని అలాగే ఎక్కిస్తే ఆ మేరకు లెక్క ఉబ్బుతుంది. బ్రెజిల్ విషయంలో ఈ తేడా తక్కువ. 2021లో 62 టన్నులు కొన్నాక, 2024 చివరికి దాని దగ్గరున్నది 129.7 టన్నులు. అప్పటి ధరకు అది 11 బిలియన్ల దరిదాపు, నిల్వల్లో మూడు శాతం పైచిలుకు.

ఒక్కో దేశానికి రెండు గీతలు గీయండి: బంగారం లేని నిల్వలు ఒకటి, మిగతా రుణ ఆస్తులు రెండోది. మొత్తం కావాలంటే మూడో గీతగా కలపండి. ముందే కలిపేస్తే కేంద్ర బ్యాంకు చేసిన పని ఏది, కంపెనీలు, ఇళ్లవాళ్లు చేసిన పని ఏది అన్నది మళ్లీ విడదీయలేరు. పైగా ఈ రెండు దేశాల మధ్య తేడా అక్కడే ఉంది. బ్రెజిల్ 2006లో చట్టం మార్చి, ఎగుమతిదారులు రాబడిలో 30 శాతం దాకా బయటే ఉంచుకోవచ్చంది. 2008లో దాన్ని నూరు శాతం చేసింది. మన దగ్గర ఎగుమతి సొమ్మును గడువులోగా దేశానికి తేవాలి. ఎగుమతిదారుల విదేశీ కరెన్సీ ఖాతాలో (ఈఈఎఫ్‌సీ) డాలర్లుగానే ఉంచుకున్నా అది భారతీయ బ్యాంకులోని ఖాతా, ఇద్దరూ ఇక్కడివాళ్లే, కాబట్టి ఆ డిపాజిట్టు విదేశీ ఆస్తి కాదు. వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద 2004లో ఏడాదికి 25 వేల డాలర్లతో తలుపు తెరిచారు. 2013 ఆగస్టులో పరిమితిని రెండు లక్షల నుంచి 75 వేలకు దించారు, 2015లో రెండున్నర లక్షలకు పెంచారు.

మూడు జాగ్రత్తలు. మన పత్రికలు మార్చి చివరి అంకె ఇస్తాయి, బ్రెజిల్ లెక్క డిసెంబరుది. రిజర్వ్ బ్యాంకు ఐఐపీ పట్టిక (దేశపు అంతర్జాతీయ పెట్టుబడి స్థితి) మూణ్నెల్లకోసారి వస్తుంది కాబట్టి రెంటికీ డిసెంబరే తీసుకోండి. రెండు, మాతృసంస్థ తన విదేశీ అనుబంధ కంపెనీకిచ్చిన అప్పు ప్రత్యక్ష పెట్టుబడి కింద ఉంటుంది, ‘డెట్ అసెట్స్’లో ఉండదు. బ్రెజిల్ కంపెనీలు కేమన్ దీవులు, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ మీదుగా చాలా డబ్బు తిప్పుతాయి, కాబట్టి ఈ విషయం మీ ప్రాజెక్టులో ఒక వాక్యంగానైనా చెప్పాలి. మూడు, తొంభైల తొలి సంవత్సరాల అంకెలు చాలావరకు ఏటేటి లావాదేవీలను కూడబెట్టి కట్టిన అంచనాలు. అక్కడ కనిపించే చిన్న ఎత్తుపల్లాలకు పెద్ద కారణాలు వెతకొద్దు.

ప్రశ్న: గ్రాఫ్ గీస్తే బ్రెజిల్ నిల్వలు 2012 దాకా నిటారుగా పెరిగి, ఆ తర్వాత చదునుగా నిలిచిపోయాయి. మనవి మాత్రం 2013 తర్వాతే ఎక్కువగా పెరిగాయి. పిల్లలకు దీన్ని ఎలా వివరించాలి?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, వరంగల్

జవాబు: రెండు దేశాలనూ డాలర్లు కూడబెట్టేలా చేసింది భయమే. 1991లో మనం బంగారాన్ని విదేశాలకు తరలించి అప్పు తెచ్చుకున్నాం. జులైలో ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టింది 47 టన్నులు, తెచ్చుకున్నది 40 కోట్ల డాలర్ల పైచిలుకు. బ్రెజిల్ 1999 జనవరిలో తన కరెన్సీ రియల్ విలువను నిలబెట్టలేక వదిలేసింది. 2002 ఎన్నికల ముందు మళ్లీ అల్లాడి ఐఎంఎఫ్ దగ్గరకు వెళ్లింది. 2005 డిసెంబరులో ఆ అప్పు 15.5 బిలియన్లు గడువుకు ముందే తీర్చేసి, ఇక పెద్ద ఎత్తున డాలర్లు కొంది. సోయా, ఇనుప ఖనిజం ధరలు కలిసొచ్చాయి. 2005 చివర్లో 54 బిలియన్లున్న నిల్వలు 2007 చివరికి 180, 2012 చివరికి 373 బిలియన్లు. అదే కాలంలో మనవి 137 నుంచి 295 దాకా పెరిగాయి. అంటే ఆ ఏడేళ్లలో బ్రెజిల్ మన వెనక నుంచి వచ్చి మనల్ని దాటేసింది.

దారులు విడిపోయింది 2013లో. అమెరికా ఫెడరల్ రిజర్వ్ బాండ్ల కొనుగోలు తగ్గిస్తానన్న ఒక్క మాటకు రూపాయి, రియల్ రెండూ కుప్పకూలాయి. అప్పుడు బ్రెజిల్ చేసింది చాలా తెలివైన పని, ఖరీదైన పని కూడా. ఆగస్టు 22న, సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు 50 కోట్ల డాలర్ల విలువైన కరెన్సీ స్వాప్‌లు అమ్ముతామని ప్రకటించింది. ఈ స్వాప్‌లో డాలరు చేతులు మారదు. డాలరు ఎంత పెరిగితే అంత, దానిపై కొంత వడ్డీతో కలిపి, కేంద్ర బ్యాంకు రియల్‌లలో ఇస్తుంది. అవతలివాడు అక్కడి రోజువారీ వడ్డీని రియల్‌లలోనే కడతాడు. డాలరు పెరుగుతుందని భయపడే కంపెనీకి బీమా దొరికింది, నిల్వల్లోంచి ఒక్క డాలరు కదల్లేదు. 2014 చివరికి ఆ స్వాప్‌ల నిలువ 100 బిలియన్లు దాటింది. మీ గ్రాఫ్‌లోని చదునుకు ఇది పెద్ద కారణం. ఇందులో నష్టం స్వదేశీ కరెన్సీలో వస్తుంది. 2015లో రియల్ పతనమైనప్పుడు ఈ ఒక్క ఖాతాలోనే కేంద్ర బ్యాంకుకు దాదాపు 90 బిలియన్ రియల్‌లు పోయాయి.

మనం వేరే దారి పట్టాం. రిజర్వ్ బ్యాంకు నేరుగా డాలర్లు అమ్మింది, సెప్టెంబరు మొదట్లో నిల్వలు 275 బిలియన్లకు దిగాయి. ఆపైన బ్యాంకులకు ఒక స్వాప్ కిటికీ తెరిచింది: ప్రవాసుల నుంచి మూడేళ్లు, అంతకు మించిన ఎఫ్‌సీఎన్‌ఆర్(బి) డిపాజిట్లు (ప్రవాసులు విదేశీ కరెన్సీలో వేసేవి) తెస్తే, ఆ డాలర్లను రూపాయల్లోకి ఏడాదికి 3.5 శాతం స్థిర ధరకు మార్చిపెడతామంది. నవంబరు చివరికి 34 బిలియన్లు వచ్చాయి, అందులో 26 ఈ డిపాజిట్లే. ఇక్కడ పిల్లలు తప్పకుండా గమనించాల్సింది, ఆ 34 బిలియన్లతో ఆస్తి పెరిగినంత అప్పూ పెరిగింది. స్థూల ఆస్తి గీత ఎగబాకింది, నికర గీత ఉన్నచోటే ఉంది. తర్వాతి పెరుగుదల అలాంటిది కాదు. 2020-21లో రిజర్వ్ బ్యాంకు మార్కెట్లో నికరంగా 68 బిలియన్లు కొంది. 2024 సెప్టెంబరు చివరికి నిల్వలు 705 బిలియన్లను తాకాయి.

అందుకే నిల్వల గీత పక్కన ఇంకో వరుస ఉండాలి. ఐఎంఎఫ్ ప్రమాణం ప్రకారం రెండు దేశాలూ ప్రతి నెలా ‘రిజర్వ్ టెంప్లేట్’ ఇస్తాయి. మన రిజర్వ్ బ్యాంకు ముందుగా అమ్మి, తర్వాత చెల్లించాల్సిన ఫార్వర్డ్ డాలర్లు రెండో విభాగంలో ఉంటాయి. 2025 ఫిబ్రవరి చివరికి ఆ నికర బాకీ 80 బిలియన్లు దాటింది. బ్రెజిల్ స్వాప్‌లు అక్కడ దొరకవు. స్వదేశీ కరెన్సీలో తీరేవి కాబట్టి వాటిని నాలుగో విభాగంలో, అదనపు వివరాల కింద వేస్తారు. రెండో విభాగం చూసి ‘బ్రెజిల్‌కు ఫార్వర్డ్ బాకీలే లేవు’ అని రాసేవాళ్లు తక్కువేం కాదు.

బ్రెజిల్ పట్టికల్లో ఇంకో చిక్కు: నిల్వలకు ‘నగదు’, ‘అంతర్జాతీయ ద్రవ్యత్వం’ అని రెండు నిర్వచనాలున్నాయి. తిరిగి కొనే షరతుతో తాత్కాలికంగా అమ్మిన డాలర్లు రెండోదాంట్లో ఉంటాయి, మొదటిదాంట్లో ఉండవు. 2008 చివరికి ఒకటి 193.8, మరొకటి 206.8 బిలియన్లు. ఒక ఏడాది ఒకటి, మరో ఏడాది ఇంకొకటి తీసుకుంటే లేని సంక్షోభం పుట్టుకొస్తుంది. చదును కూడా శాశ్వతమేం కాదు. 2024 డిసెంబరులో రియల్ జారుతుంటే బ్రెజిల్ నేరుగా డాలర్లే అమ్మింది, ఒక్క నెలలో నిల్వలు 30 బిలియన్లకు పైగా తగ్గి 330 దగ్గర ఆగాయి.

ప్రశ్న: అమెరికా ట్రెజరీ బాండ్లలో ఒకప్పుడు బ్రెజిల్ మనకు అందనంత పైన ఉండేది, ఇప్పుడు మనం దాటేశాం. రెండు దేశాల పోలికకు ఈ ఒక్క పట్టిక చాలదా?
– బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: చాలదు, కానీ పక్కన పెట్టుకుని చూడటానికి మంచి పట్టిక. అమెరికా ట్రెజరీ శాఖ నెలనెలా ఇచ్చే ‘టిక్’ లెక్క ప్రకారం 2013 చివర్లో బ్రెజిల్ పేరిట 245 బిలియన్ల దాకా, మన పేరిట 70 బిలియన్ల లోపు ఉన్నాయి. 2018 చివరికి బ్రెజిల్ 300 దాటింది, మనం 145 లోపే. 2024 చివరికి మనం 220 దరిదాపుల్లో, బ్రెజిల్ 200 దరిదాపుల్లో ఉన్నాం.

కానీ అదే సమయంలో మన నిల్వలు బ్రెజిల్ నిల్వలకు దాదాపు రెట్టింపు. మిగతాది ఎక్కడుంది? మన విదేశీ కరెన్సీ ఆస్తుల్లో ఎనభై శాతానికి పైగా సెక్యూరిటీలే, అయితే అన్నీ అమెరికావి కావు, మిగిలినవి డిపాజిట్లు. ఏ కరెన్సీలో ఎంతుందో రిజర్వ్ బ్యాంకు చెప్పదు. బ్రెజిల్ కేంద్ర బ్యాంకు చెబుతుంది, 2022 చివరికి దాని నిల్వల్లో 80 శాతం డాలర్లే. అందుకే 2024 చివరికి టిక్ పట్టికలో బ్రెజిల్ నిల్వల్లో సుమారు అరవై శాతం కనిపిస్తాయి, మనవాటిలో మూడో వంతుకు కాస్త పైన మాత్రమే. ఇంకోటి, ఆ పట్టిక బాండు అసలు యజమాని ఎవరన్నది కాదు, అమెరికాలో ఆ బాండ్లను భద్రపరిచే సంస్థ (కస్టోడియన్) పుస్తకంలో ఏ దేశం పేరుందన్నది చూస్తుంది. బెల్జియంలోని సంస్థ ద్వారా దాచుకుంటే బెల్జియం ఖాతాలో పడుతుంది. ఐఎంఎఫ్ పోర్ట్‌ఫోలియో సర్వేలో (సీపీఐఎస్) వెతికితే ఇవి దొరుకుతాయనుకోకండి, కేంద్ర బ్యాంకుల నిల్వలను అందులోంచి మినహాయిస్తారు.

ప్రశ్న: 2022లో మన నిల్వలు అంతలా కరిగాయి. అవన్నీ రూపాయిని కాపాడటానికి అమ్మినవేనా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: అన్నీ కావు. ఆ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు చివరి దాకా తగ్గినదాంట్లో సుమారు 67 శాతం మదింపు మార్పేనని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. ఎలా జరుగుతుందో ఊహా లెక్కతో చూడండి. 100 డాలర్ల నిల్వలో 70 డాలర్ బాండ్లు, 20 యూరోలు, 10 యెన్‌లు ఉన్నాయనుకుందాం. బాండ్ల సగటు డ్యురేషన్ (వడ్డీ ఒక శాతం పాయింటు మారితే ధర ఎంత శాతం మారుతుందో చెప్పే కొలత) రెండేళ్లు, వడ్డీ మూడు పాయింట్లు పెరిగింది: బాండ్ల ధర సుమారు 6 శాతం, అంటే 4.2 డాలర్లు పడిపోతుంది. ఆ ఏడాది యూరో డాలరుతో 6 శాతం దాకా, యెన్ 12 శాతం దాకా తగ్గాయి: చెరో 1.2. ఒక్క డాలరైనా అమ్మకుండానే 6.6 పోయాయి. యూరో బాండ్ల ధర తగ్గుదల ఇందులో కలపలేదు.

అసలు లెక్క తేల్చడానికి చెల్లింపుల శేషం (బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్) పట్టికలోని నిల్వల మార్పు తీసుకోండి. అది లావాదేవీ మాత్రమే. 2022-23 మొత్తానికి అది 9.1 బిలియన్ల తగ్గుదల. నిల్వలు తగ్గింది 28.9 బిలియన్లు, 607.3 నుంచి 578.4కు. మధ్య తేడా, 20 బిలియన్లకు కాస్త తక్కువ, మదింపు నష్టం. మంచి రోజుల్లో ఇదే తిరగబడుతుంది. 2007-08లో నిల్వలు పెరిగిన 110 బిలియన్లలో 18 డాలరు బలహీనపడి కలిసొచ్చినవే. 2022లో బ్రెజిల్ నిల్వలు కూడా 362 నుంచి 325కు దిగాయి, అక్కడా పెద్ద వాటా బాండ్ల ధరలదే.

పోలిక చేసేవాళ్లు 2021 ఆగస్టును కూడా గుర్తు పెట్టుకోవాలి. ఐఎంఎఫ్ కొత్త ఎస్‌డీఆర్‌లు పంచింది: మనకు 12.57 బిలియన్ ఎస్‌డీఆర్‌లు, బ్రెజిల్‌కు 10.58. ఆస్తి పెరిగింది, సరిసమానంగా బాధ్యత కూడా రాసుకున్నారు. ఎవరూ ఏమీ సంపాదించలేదు.

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను, హైదరాబాద్ బ్యాంకులో ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ ఉంది. తమ్ముడు ఇక్కడే ఎం.ఎస్. చదువుతున్నాడు. మా డబ్బు ఏ దేశం లెక్కలోకి వస్తుంది?
– పాఠకురాలు, అమెరికా

జవాబు: గణాంకాలకు పాస్‌పోర్టుతో పనిలేదు, నివాసమే ముఖ్యం. మీరు అమెరికా నివాసి. మీ డిపాజిట్టు అమెరికాకు విదేశీ రుణ ఆస్తి, భారత్‌కు విదేశీ అప్పు. మీ తమ్ముడి సంగతి వేరు. ఐఎంఎఫ్ మార్గదర్శకాల్లో విద్యార్థి ఎన్నేళ్లు చదివినా సొంత దేశపు నివాసే. ఆ లెక్కన అక్కడి బ్యాంకులో అతనికున్న డాలర్లు భారత్ విదేశీ రుణ ఆస్తి. మన విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనలు మాత్రం అతన్ని ప్రవాసిగానే చూస్తాయి. తెలుగు రాష్ట్రాల నుంచి అంతమంది పిల్లలు అక్కడున్నారు, వాళ్ల ఖాతాలు ఏ గడిలో పడతాయన్నది చిన్న విషయమేం కాదు. ఇక హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీ ఆర్‌ఎస్‌యూలు (ఉద్యోగులకు జీతంతో పాటు ఇచ్చే వాటాలు) అందుకునేవారివి వాటాలు, రుణ ఆస్తులు కావు. వాటిని అమ్మి ఆ సొమ్మును అక్కడి బ్రోకరు ఖాతాలో నగదుగా ఉంచితే అప్పుడవుతాయి.

ప్రశ్న: జీడీపీలో శాతంగా చూపితే సరిపోదా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: చూపొచ్చు, కింద ఉన్న అంకె ఏం చేసిందో కూడా చెబితే. బ్రెజిల్ నిల్వలు 2011లో 352, 2020లో 356 బిలియన్లు. జీడీపీలో శాతం మాత్రం 13 నుంచి 24కు ఎగిసింది. నిల్వలు పెరగలేదు, రియల్ పడి డాలర్లలో జీడీపీ 2.6 ట్రిలియన్ల నుంచి 1.5 ట్రిలియన్ల లోపుకు కుంగింది. 2024 చివరికి రెండు దేశాలూ 15, 16 శాతం దగ్గరే ఉన్నాయి. నెలల దిగుమతులు, ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పు – ఈ రెండు కొలతలూ పక్కన వేస్తేనే ఆ శాతానికి అర్థం.

ప్రశ్న: ఇన్ని డాలర్లు ఊరికే బాండ్లలో పెట్టే బదులు దేశంలో ఖర్చు పెట్టొచ్చు కదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: ఆ డాలర్లు కొన్నప్పుడే రూపాయలు చెల్లించేశారు. మళ్లీ ఖర్చు పెట్టాలంటే డాలర్లుగా దిగుమతులకే పెట్టాలి, లేదా అమ్మి రూపాయలను వెనక్కి తీసుకోవాలి. ఖర్చు మాత్రం ఉంది, మీరన్న ‘ఊరికే’ కాదు. కొనుగోలుకు విడుదల చేసిన డబ్బును వ్యవస్థలోంచి మళ్లీ పీల్చుకోవాలి. మనం దానికి 2004లో మార్కెట్ స్థిరీకరణ పథకం (ఎంఎస్‌ఎస్) బాండ్లు తెచ్చాం, బ్రెజిల్ కేంద్ర బ్యాంకు రెపోలతో (తిరిగి కొనే షరతుతో బాండ్లు అమ్మి) పీలుస్తుంది. దాని కీలక వడ్డీ రేటు 2022 ఆగస్టు నుంచి ఏడాది పాటు 13.75 శాతం. అమెరికా బాండు మీద వచ్చేది అందులో మూడో వంతు. ఒకే మొత్తం నిల్వ బ్రెజిల్‌కు మనకంటే చాలా ఎక్కువ ఖరీదు. 2012 తర్వాత అది కొనడం ఆపేయడానికి ఇదీ ఒక కారణమని మా అభిప్రాయం.

ప్రశ్న: మిత్రదేశాలకిచ్చిన అప్పులు కూడా ఇందులో ఉంటాయా? అవి వసూలు కాకపోతే?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉంటాయి, నిల్వల్లో కాదు, ‘ఇతర పెట్టుబడి’లో. భూటాన్ జలవిద్యుత్ ప్రాజెక్టులకు మనమిచ్చిన రుణాలు, ఎగ్జిమ్ బ్యాంకు రుణ సదుపాయాలు ఆ గడిలోవే. బ్రెజిల్‌లో ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకు బీఎన్‌డీఈఎస్ ఇచ్చిన ఎగుమతి రుణాలు అలాంటివి. వెనెజులా, క్యూబా, మొజాంబిక్ వాటిని కట్టడం ఆపేశాయి. బాండు అయితే మార్కెట్ ధరకు రాస్తారు, చెడిపోతే ఆ గడి వెంటనే తగ్గుతుంది. అప్పు మాత్రం ముఖవిలువకే ఉంటుంది. అధికారికంగా రద్దు చేసేదాకా, వాయిదాలు రాకపోయినా, మీద పడే వడ్డీతో కలిసి ఆ పద్దు పెరుగుతూనే కనిపిస్తుంది.